ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద రాగులు

స్పీడ్ గన్ను చేతికొచ్చిన కొత్తలో ప్రతి ట్రాఫిక్ పోలీసూ ఒక తప్పు చేస్తాడు. గన్నులో పడిన వేగం చూసి నోరు తెరుచుకుని, బండి నంబరు రాసుకోవడం మరిచిపోతాడు. ఆ తప్పు నేనూ చేశాను, నవ్వుకుని వదిలేశాను. ఇప్పుడు చెప్పబోయేది అది కాదు. సర్వీసు ముగియడానికి నాలుగు నెలల ముందు, తల నెరిసి, తెలివి ముదిరి చేసిన తప్పు. రిటైరైన రోజు నాకు పూలదండ ఎందుకు పడలేదని డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. అడిగిన ప్రతివాడికీ విడిగా చెప్పే ఓపిక లేదు కనుక ఒకేసారి రాసేస్తున్నాను.

మాది బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోని ఆండర్సన్‌పేట. నాన్న గనిలో పనిచేశాడు. గని మూతపడ్డాక ఇంట్లోకి జీతమంటూ తెచ్చింది నేనొక్కణ్ణే. అందుకని ఉద్యోగం విషయంలో నేను మొదటినుంచీ పిరికివాణ్ణి. ఈ మాట గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

మా వైపు కొత్త ఎక్స్‌ప్రెస్ రోడ్డు పడింది. పూర్తిగా తెరవకముందే బెంగళూరులోని కార్లన్నిటికీ ఆ కబురు అందింది. మాలూరు దగ్గర ఎక్కితే మా కేజీఎఫ్ ఎగ్జిట్ దాకా సిగ్నల్ లేదు, స్పీడ్ బ్రేకరు లేదు, అడ్డమొచ్చే ఎద్దుల బండి లేదు. ఆదివారం తెల్లవారగానే కోట్లు పోసి కొన్న కార్లు, పొట్ట నేలకానించి పాకుతున్నట్టుండేవి, వరసగా వచ్చేవి. వాటిని పట్టడానికి మాకొక ఇంటర్‌సెప్టర్ జీపు ఇచ్చారు. గన్ను పట్టుకునేది నేను, అప్పటికి ఏఎస్సైని. జీపు నడిపేది మా కేజీఎఫ్ వాడే, తమిళమూ తెలుగూ కలిపి ఒకటే భాష అనుకునే డ్రైవరు. మా పైన ఎస్సై మేడం. కోలారు పక్క పల్లెలో రైతు బిడ్డ, నా కూతురి వయసు. పరీక్ష రాసి వచ్చింది, గొంతు పెంచి ఎరగదు.

పని తీరు తేలిక. మాలూరు ఎంట్రీ దగ్గర ఒక హోంగార్డు ఉంటాడు, కార్లు ఎక్కగానే నాకు ఫోను చేస్తాడు. నేను గన్నుతో కాచుకుని ఉండి వేగమూ బండి నంబరూ వైర్‌లెస్‌లో చెప్తాను. నాకు నాలుగు కిలోమీటర్ల అవతల, ఎగ్జిట్ దగ్గర, ఎస్సై మేడం బారికేడ్లతో ఆపుతుంది.

ఒక ఆదివారం గన్నులో రెండు వందల అరవై ఏడు పడింది. డ్రైవరు గన్ను చెడిపోయిందనుకుని దాన్ని తట్టి చూశాడు. నారింజ రంగు కారు. మేము ఎగ్జిట్‌కి చేరేసరికి దాన్ని ఆపి ఉంచారు. దిగినవాడికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మర్యాదగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారీ అంకుల్. ఎంత కట్టాలి?"

"వెయ్యి."

"అంతేనా?" అన్నాడు. నిజంగానే కొంచెం నిరాశ పడ్డట్టు అనిపించింది. ఫోను తీసి కట్టేశాడు. తర్వాత పాలవాణ్ణి నెల కూపన్లు అడిగినంత మామూలుగా అడిగాడు: "అంకుల్, ఈ నెలలో ఇంకా మూడు ఆదివారాలున్నాయి. అవి కూడా ఇప్పుడే కట్టేస్తే, ప్రతిసారీ ఆపే పని మీకుండదు కదా?"

వెటకారం చేస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. కాదు, మాకు శ్రమ తగ్గిద్దామనే అన్నాడు. ప్రమాదకరంగా నడిపినందుకు కేసు కూడా రాశాం. సోమవారం వాళ్ల లాయరు వచ్చి నవ్వుతూ కాగితాలు తీసుకుని నవ్వుతూ వెళ్లాడు.

అదే రోజు అరగంట తిరక్కుండా ఇంకొకడు దొరికాడు. మాస్తి దగ్గరి పల్లె రైతు, మోపెడ్‌కి రెండు పాల క్యాన్లు కట్టుకుని ఎక్స్‌ప్రెస్ రోడ్డు ఎక్కేశాడు. రెండు చక్రాల బండి ఆ రోడ్డు ఎక్కకూడదు. హెల్మెట్టూ లేదు. అన్నీ కలిపి అతనికీ వెయ్యే పడింది. అతను కాసేపు చలానా వైపూ, వెళ్లిపోతున్న నారింజ కారు వైపూ మార్చి మార్చి చూశాడు.

"సామీ, ఆ యప్పకి ఎంత వేస్తిరి?"

"వెయ్యి."

"నాకూ వెయ్యేనా?"

"అవును."

"అట్లయితే ఆయనా నేనూ సమానమే అని చెప్పు సామీ. ఇన్ని దినాలూ నాకు తెలీకపాయె." దెప్పి అనలేదు, వింత విన్నట్టు అన్నాడు. మా డ్రైవరు ఫక్కున నవ్వి, అతని మొహం చూసి నోరు మూసుకున్నాడు. ఆ వెయ్యి వారం రోజులు పాలు పోస్తే అతనికి మిగిలేది.

టీ తాగుతుంటే ఎస్సై మేడం చెప్పింది, యూరప్‌లో కొన్ని దేశాల్లో జరిమానా మనిషి సంపాదనను బట్టి వేస్తారట. రోజుకి ఎంత సంపాదిస్తాడో చూసి ఇన్ని రోజుల సంపాదన అని కట్టిస్తారట.

నాకు నవ్వొచ్చింది. "మన దగ్గర ఆ చట్టం వస్తే ఏమవుతుందో చెప్పనా మేడం? ఆ నారింజ కారు ఒక కంపెనీ పేరు మీద ఉంటుంది. ఆ కంపెనీ నష్టాల్లో ఉంటుంది. కాగితాల ప్రకారం మనమే ఆయనకి ఎదురు డబ్బివ్వాలి. పట్టుగూళ్లు అమ్ముకున్న రైతు చేతిలో మాత్రం మార్కెట్టు రసీదు ఉంటుంది. వాడు దొరికిపోతాడు."

ఆమె నవ్వలేదు. "అయినా సార్, నొప్పి తెలియాలి కదా. నొప్పి తెలియకపోతే అది జరిమానా కాదు, టికెట్టు. టికెట్టు కొన్నవాడు ఆట చూస్తాడు."

ఆ మాట నా బుర్రలో ముల్లులా దిగబడింది. తనకేమో వయసు చిన్నది, చట్టం మారాలని చూస్తుంది. నాకు నాలుగైదు నెలలే మిగిలాయి. చట్టంతో పని లేకుండా నేనే ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. ఆ అనిపించడమే కొంప ముంచింది.

మా కోలారు జిల్లాలో పంట కోతలైతే తారు రోడ్లన్నీ కళ్ళాలే. ఉలవ చెట్లు, రాగి కంకులు రోడ్డు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతాయి, గింజ రాలుతుంది. గడ్డి ఎత్తేసి, తూర్పారబట్టి, మూట కట్టుకుపోతారు. ఎడ్లూ రాతి గుండూ లేని రైతుకి అదొక్కటే దారి. దానిమీద బైకులు జారి పడ్డవాళ్లని నా చేతులతోనే ఎంతమందిని లేపానో. అందుకని ఏటా మేము వెళ్లి అరుస్తాం, వాళ్లు గడ్డి పక్కకి లాగుతారు, మేము జీపెక్కగానే మళ్ళీ పరుస్తారు. ఇరుపక్షాలకీ అలవాటైపోయిన తంతు.

ఆ డిసెంబరులో ఒక ముసలామె ఎక్స్‌ప్రెస్ రోడ్డు కంచె సందులోంచి దూరి, కోడలితో కలిసి ఉలవలు పరిచేసింది. నా గన్ను నిలిపే చోటికి మూడు కిలోమీటర్లు మాలూరు వైపు. జీపు ఆపి అరిచాను. ఆమె చేతిలోని పంగల కర్ర ఆపలేదు.

"అరవద్దప్పా. మా కళ్ళం యాడుండిందో తెలుసునా నీకు? నీ గాడి నిలిపిండావే, దాని కిందనే."

"పరిహారం ఇచ్చారు కదమ్మా?"

"దుడ్డు వచ్చినాది, లేదనలా. దుడ్డు మీద ఉలవలు నూర్చేదానికి అయ్యేనా?"

అంతలో దూరంగా ఒక పొట్టి కారు వస్తూ కనిపించింది. అలవాటుగా గన్ను ఎత్తాను. నూట తొంభై, నూట నలభై, ఎనభై. గడ్డి కనబడగానే కారు గొంతు తగ్గించుకుని, పక్కన ఖాళీగా ఉన్న లైనులో నలభై మీద పాకుతూ పోయింది. ఆ కార్ల కిందికి చెయ్యి కూడా దూరదు. గడ్డి చుట్టుకుంటే ఇంజను పాడవుతుందని వాటి యజమానులకి హడలు.

అప్పుడు నా బుద్ధికి కొమ్ములు మొలిచాయి.

"అమ్మా, ఆదివారం పొద్దున వేసుకో. ఆరు నుంచి తొమ్మిది దాకా, ఒక్క లైనే. నేను చూసుకుంటాను."

ఆమె కర్ర ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "నిజంగానేనా అప్పా? మళ్ళీ వచ్చి కేసు గీసు అనవు గదా?"

"నేను చెప్తున్నాను కదా."

ఎస్సై మేడంతో ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె ఎప్పుడూ ఎగ్జిట్ వైపు నుంచే వస్తుంది, ఇటు చూసే పని లేదు. మూడు ఆదివారాలు పథకం బ్రహ్మాండంగా నడిచింది. ముందర ఇంకెక్కడ గడ్డి ఉందోనని కార్లన్నీ భయంగా వచ్చేవి, గన్నులో వంద దాటడమే గగనమైంది. ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటాను. ఆ వేళకి లారీలు తక్కువ కనుక, ఉలవలు తొక్కించడానికి మా జీపునే పంపేవాణ్ణి. డ్రైవరు సైరను మోగించుకుంటూ వెళ్లి ఐదారు రౌండ్లు తిప్పి వచ్చేవాడు. సైరను వినగానే అత్తాకోడళ్లు నవ్వుకుంటూ దారిచ్చేవాళ్లు. సర్కారు జీపుతో ఉలవలు నూర్పించిన పోలీసు ఈ రాష్ట్రంలో నేను తప్ప ఇంకొకడు ఉండడు.

"ఏమి సార్, మీ గన్నంటేనే భయపడుతున్నారే," అంది ఎస్సై మేడం.

"అనుభవం మేడం," అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

మూడో ఆదివారం ఆ నారింజ కారు వచ్చింది. గడ్డికి బెదరకుండా ఖాళీ లైనులోంచి వచ్చి, నా గన్నులో రెండు వందల పది చూపించి దూసుకుపోయింది. పోతూ పోతూ నాకు చెయ్యి ఊపాడు. పాపం, పలకరింపుగానే ఊపాడేమో. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ మంటలోనే ముసలామె దగ్గరికి వెళ్లాను.

"వచ్చే వారం రెండు లైన్లూ వెయ్యి."

"రెండు లైన్లకీ పరిచేంత ఉలవలు ఇంగ యాడుండాయప్పా? అయిపోయె."

"రాగి వామి ఉంది కదా, అది విప్పు."

"అది ఇంగా వారం పది దినాలు మగ్గాల. పచ్చిగా ఉండాది." ఆమె గొంతు తగ్గించింది. "రెండూ మూసేస్తే గాడీలు పోయేదెట్లప్పా?"

"మెల్లగా పోతాయి. నువ్వు విప్పు, నేనున్నాను."

ఇద్దరిలో బుద్ధి ఉన్నది ఎవరికో మీకు తెలుస్తూనే ఉంది. ఆమె ఇంటి ఏడాది తిండి మొత్తం ఆ వామిలోనే ఉంది. నా మాట మీద విప్పేసింది.

నాలుగో ఆదివారం మా వైపు మంచు దిగింది. మామూలు మంచు కాదు, జీపు ముందు దీపం పెడితే బానెట్టు తప్ప ఏమీ కనబడలేదు. డ్రైవరు ఆరున్నరకి వెళ్లి నాలుగు రౌండ్లు తిప్పి వచ్చాడు. వస్తూనే మొహం ముడుచుకున్నాడు.

"సార్, గడ్డి తడిసి సబ్బు మాదిరి ఉండాది. మన జీపే రెండు తూర్లు పక్కకి పాయె. ఈ పొద్దు వద్దని చెప్పేద్దాం సార్."

"ఎండొస్తే ఆరిపోతుందిలే," అన్నాను.

ఏడుంబావుకి హోంగార్డు ఫోను. "సార్, మూడు కార్లు ఎక్కినాయి. నారింజది ముందర. పందెం వేసుకోనుండారు సార్, నేను చెయ్యి చూపిస్తే కూడా నిల్చలా. పోయిన పోకడ చూస్తే నాకు భయమైతా ఉండాది."

"అక్కడ మంచు ఉందా?"

"ఏం మంచు సార్, ఇక్కడ ఎండ తేటగా కాస్తా ఉండాది."

అప్పుడు అర్థమైంది. వాళ్లకి ఎండ, రోడ్డు అద్దంలా కనబడుతోంది. పల్లపు భాగంలోకి వచ్చేదాకా మంచు సంగతి తెలియదు. మంచులోకి వచ్చాక గడ్డి కనబడదు. గడ్డి మీద ఇద్దరు ఆడవాళ్లు. మాలూరు నుంచి అక్కడికి ఇరవై కిలోమీటర్లు. వాళ్లు నడిపే వేగానికి ఐదు నిమిషాలు కూడా లేవు.

కోడలి నంబరు నా దగ్గరుంది. చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాను. తర్వాత తెలిసింది, ఫోను కంచెకి తగిలించిన సంచిలో ఉందని. వైర్‌లెస్ అందుకున్నాను.

"మేడం, మూడు కార్లు పందెం మీద వస్తున్నాయి. నాకు మూడు కిలోమీటర్ల వెనక రోడ్డు మీద రాగి గడ్డి ఉంది. మనుషులున్నారు."

"రాగి గడ్డా? రోడ్డంతానా? ఎవరు వేశారు సార్?"

"మనుషులున్నారు మేడం. నేను వెళ్తున్నాను," అని నొక్కిన బటను వదిలేశాను.

ఆమె నాకు అవతలి వైపు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. మధ్యలో ఆపగలిగినవాళ్లు ఎవరూ లేరు. డ్రైవరు అప్పటికే జీపు తిప్పేశాడు. వచ్చే బండ్లకి ఎదురుగా, అదే రోడ్డులో, మంచులో. సైరను, దీపాలు, అన్నీ వేశాడు. "మారియమ్మా, మారియమ్మా" అంటూనే ఎనభై దాటించాడు. ఒక పాల వ్యాను మంచులోంచి ఊడిపడ్డట్టు వచ్చి మా పక్కనే రాసుకుంటూ పోయింది. నేను గడియారం చూడటం మానేశాను. నిమిషాలు ఎన్ని మిగిలాయో తెలిసి చేసేదేముంది?

గడ్డి చక్రాల కింద పడగానే జీపు అడ్డంగా జారింది. డ్రైవరు ఎలాగో నిలబెట్టాడు. తలుపు తీసి దూకాను.

అత్తా కోడలూ రోడ్డు అంచున నిలబడి నవ్వుతున్నారు. సైరను విన్నారు కదా, రాగులు తొక్కించడానికి వచ్చామనుకుని దారిచ్చారు. ముసలామె పంగల కర్రతో గడ్డి మధ్యకి చూపిస్తోంది.

"రా రా, మళ్ళీ వస్తిరా! ఇట్ల నడాన తొక్కించప్పా, ఇక్కడ ఇంగా గింజ రాలనే లేదు."

కార్లు వస్తున్నాయి, పక్కకి పొండని గొంతు చించుకుని అరిచాను. కోడలు నా మొహం చూసి కంచె వైపు పరిగెత్తింది. డ్రైవరు నాతో ఏమీ అడగకుండా జీపుని మాలూరు వైపు మూడు వందల గజాలు పోనిచ్చి, దీపాలన్నీ వెలిగించి, ఎర్ర టార్చి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆ మంచులో అలా నిలబడటానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు.

ముసలామె మాత్రం పరిగెత్తలేదు. సంగతి తెలియగానే ఆమె చేసింది ఒకటే, రోడ్డు మధ్యకి వెళ్లి గడ్డిని గబగబా పక్కకి లాగడం మొదలుపెట్టింది.

"వదిలెయ్యమ్మా! వచ్చేస్తున్నారు!"

"వామి అంతా ఇక్కడే ఉండాదప్పా! అట్లనే వదిలేస్తే ఏం తినేది? నువ్వూ ఒక చెయ్యి వెయ్యి, బేగ!"

అప్పుడు వినబడింది. మంచులో కారు కనబడదు, ముందు రొద వస్తుంది. పాదాల కింద రోడ్డు సన్నగా వణికింది. నేను ఆమె నడుం పట్టుకుని ఎత్తాను. ఆమె కర్ర వదల్లేదు, కర్రతో నా వీపు మీద ఒకటి వేసింది కూడా. అలాగే మోసుకుని రోడ్డు అంచున ఉన్న ఇనప కమ్మీ మీదుగా అవతలికి పడ్డాను. పడుతుండగా దీపాలు కనబడ్డాయి. ఆ కుర్రాడు మా జీపు దీపాలు చూసి బ్రేకు వేసినట్టున్నాడు, వేగం చాలా తగ్గింది. కానీ గడ్డి మీదికి వచ్చాక ఆ కారు ఎవరి మాటా వినలేదు. బొంగరంలా తిరిగింది. ముసలామె నిలబడి లాగుతున్న చోటు మీదుగానే తిరిగి, మధ్య గోడకి కొట్టుకుంది. అద్దాలన్నీ ఒక్కసారి రాలిన చప్పుడు. వెనక రెండు కార్లూ మా జీపు దగ్గరే ఆగిపోయాయి.

గాల్లోకి లేచిన గడ్డి మెల్లగా మా మీద రాలుతోంది. ముసలామె నా చెయ్యి తోసేసుకుని లేచి కూర్చుంది.

"ఆ బిడ్డ బతికుండాడా చూడప్పా," అంది.

నేను వెళ్లేసరికి అతనే తలుపు తోసుకుని బయటికి వచ్చాడు. భుజం ఎముక విరిగి చెయ్యి వేలాడుతోంది. పళ్ళు టకటకమంటున్నాయి. "అంకుల్, ఎవరికైనా తగిలిందా? ఎవరో ఉన్నారు, నేను చూశాను. తగిలిందా?"

ఆమె అతని గురించి అడిగింది. అతను ఆమె గురించి అడిగాడు. ఆ క్షణంలో నా మనసులో మొదట మెదిలిన మాట ఏమిటో దాచకుండా చెప్తున్నాను: నాలుగు నెలలు. రిటైరవడానికి నాకు మిగిలిన నాలుగు నెలలు.

మధ్యాహ్నానికి పై అధికారి వచ్చాడు. గడ్డి చూశాడు, కారు చూశాడు, ముసలామెని పిలిపించాడు.

"ఎవరు వెయ్యమన్నారు ఇక్కడ?"

నేను ఆమెకి రెండు బారల దూరంలో ఉన్నాను. ఆమె నా వైపు చూడనైనా లేదు.

"ఎవురూ చెప్పలా సామీ. మేమే వేసుకొంటిమి."

"పోలీసులు వద్దనలేదా?"

"అన్నారు సామీ. మేమే వినలా."

నేను నోరు విప్పలేదు. ఆమె నా కోసం చెప్పిన అబద్ధాన్ని అలాగే ఉంచుకున్నాను. రెండు రోజులు ఉంచుకున్నాను. డ్రైవరు చాటుగా పిలిచి, "సార్, పెద్దమ్మ కాపాడేసె. మీరు సుమ్నే ఊరకుండండి సార్," అన్నాడు. వాడిది నా మీద ప్రేమ. నాకు కావలసిన మాట కూడా అదే.

మూడో రోజు ఎస్సై మేడం నా ముందు ఒక కాగితం పెట్టింది. రోడ్డుకి అడ్డం వేసి మనుషుల ప్రాణాలకి ముప్పు తెచ్చినందుకు ముసలామె మీదా కోడలి మీదా కేసు. ఫిర్యాదు చేసేవాడిగా సంతకం చెయ్యవలసింది అక్కడ డ్యూటీలో ఉన్న ఏఎస్సై. అంటే నేను.

పెన్ను తీశాను. ఆమె తలుపు దగ్గరగా వేసి వచ్చి నిలబడింది.

"సార్, ఆ రోజు వైర్‌లెస్‌లో నేనొకటి అడిగాను. మీరు జవాబు చెప్పలేదు."

అంతే అంది. గొంతు పెంచలేదు, కళ్ళు కూడా పెద్దవి చెయ్యలేదు. ఎవరు వేశారు అని అడిగింది ఆ రోజు. నేను ఆ కాగితం పక్కకి జరిపి తెల్ల కాగితం అడిగాను. సర్వీసులో వేల రిపోర్టులు రాశాను, మొదటి వాక్యానికి అరగంట పట్టింది దీనికే. "నేనే వెయ్యమన్నాను" అని రాశాక మిగతాది గబగబా వచ్చేసింది.

ఆమె చదివి, "నాలుగు నెలలే ఉన్నాయి సార్ మీకు," అంది.

"తెలుసు మేడం. అందుకే ఇన్ని రోజులు పట్టింది."

ఆడవాళ్ల మీద కేసు ఆగింది. నన్ను సస్పెండు చేశారు, పూలదండ లేకుండా అందులోనే రిటైరయ్యాను, విచారణ నడిచింది, చివరికి పింఛనులో ఇంత శాతం అని కొన్నేళ్ల పాటు కోత వేశారు. శాతం అన్న మాట గమనించారా? సంపాదనను బట్టి జరిమానా! మా జిల్లాలో ఆ పద్ధతిలో వడ్డించింది నాకొక్కడికే. ఆ కుర్రాడికి వేగం కింద మళ్ళీ వెయ్యే పడింది. మిగతా కేసు కోర్టులో ఉంది, లాయరు నవ్వుతూ వస్తున్నాడు, నవ్వుతూ పోతున్నాడు. ఎస్సై మేడం ఆ రోజు చెప్పింది నిజమని మాత్రం ఇప్పుడు నేను ప్రమాణం చేసి చెప్పగలను. నెల మొదట్లో బ్యాంకు మెసేజు చూసినప్పుడల్లా నొప్పి బాగానే తెలుస్తుంది. నారింజ కారు వాడికి కూడా ఒక్కసారి అంత తెలిస్తే బాగుండునని ఇప్పటికీ కోపం వస్తుంది.

కానీ నాకు పడిన శిక్ష అది కాదు.

కాగితం రాసిచ్చిన మరుసటి రోజు ముసలామె ఊరికి వెళ్లాను. సస్పెన్షను ఇంకా చేతికి రాలేదు, యూనిఫాంలోనే ఉన్నాను. వాకిట్లో టార్పాలిను మీద రాగులు పోసి అత్తా కోడలూ వంగి ఏరుతున్నారు. కారు అద్దం పగిలితే రాళ్ల ఉప్పులా చిట్లుతుంది, కొన్ని పలుకులు రాగి గింజకన్నా చిన్నవి. దానికి తోడు కారు నూనె వాసన. ప్రమాదం తర్వాత ఊరంతా వచ్చి గడ్డి దులిపి, రోడ్డు ఊడ్చి, గింజ అన్నది వదలకుండా ఎత్తుకొచ్చారట. మూడుసార్లు కడిగి ఆరబెట్టారట. పళ్ళెంలో ఏరిన అద్దం పలుకులు గుప్పెడున్నాయి.

నిజం రాసిచ్చానని చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నానేమో, ఆమె కోపంగా తల ఎత్తింది.

"ఏంటికప్పా రాస్తివి? అంత పెద్ద ఆఫీసరు ముందర ఎవురూ చెప్పలా అని చెప్తిని. ఇంగ నన్ను అబద్ధాలది అనరా?"

"అననివ్వనమ్మా." కొంచెం ఆగి, చెప్పవలసింది చెప్పాను. "అమ్మా, ఈ రాగులు తినకూడదు. ఎంత ఏరినా పోదు. కడుపులోకి పోతే ప్రాణం తీస్తుంది. ఆవులకి కూడా పెట్టకూడదు. పారెయ్యాలి."

కోడలు ఏరడం ఆపేసింది. ఆ అమ్మాయికి అది ముందే తెలుసనుకుంటా, చెప్పే ధైర్యం లేక ఏరుతోంది. ముసలామె చేతులు మాత్రం ఇంకా గింజల్లో కదులుతూనే ఉన్నాయి. చాలాసేపటికి ఆగాయి.

"వెయ్యమని నువ్వు చెప్తివి, వేస్తిమి. వామి విప్పమంటివి, విప్పితిమి. ఇప్పుడు పారెయ్యమంటాండావు. రాగులు పారేసేది నా చేత కాదప్పా. నువ్వే పారెయ్."

గోనె సంచులు తెచ్చి నా ముందు పడేసింది. నేనే ఎత్తి పోశాను, నేనే మూతి కట్టాను. ఏడు మూటలయ్యాయి. ఊరి బయట ఎక్స్‌ప్రెస్ రోడ్డుకి మట్టి తవ్వుకుపోయిన గుంట ఉంది. అక్కడికి ఒక్కో మూటా భుజాన వేసుకుని నడిచాను. ఎవడో సాయం పట్టబోతే ఆమె వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె గుంట ఒడ్డున నిలబడి ప్రతి మూటా చివరి గింజ దాకా పడేది చూసింది. పుట్టినప్పటినుంచీ రాగి ముద్ద తిని పెరిగిన ఒళ్లు నాది. కింద పడ్డ ముద్దని కళ్ళకద్దుకుని తినే ఇంట్లో పెరిగాను. నాలుగో మూటకి నాకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే మోశాను.

చివరి సంచి ఖాళీ అయ్యాక ఆమె దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. తిరగేసి, మూలల్లో చిక్కుకున్న గింజలు కూడా గుంటలోకి దులిపి, మడిచి చంకలో పెట్టుకుని ఇంటి దారి పట్టింది.